బిగువుంది, పట్టు లేదు

సోమవారం

రాయి అమ్మాయ్. నేను చెప్పింది చెప్పినట్టు రాయి. నీ సొంత తెలివి కలపొద్దు.

ఇది రాస్తున్నది పక్కింటి టైలరమ్మ. నాకు అక్షరం ముక్క రాదు. ఇది కోర్టుకు పెట్టడానికి కాదు, పెద్దమనుషులకు చూపించడానికీ కాదు. నా ఇంట్లో నడుస్తున్న వ్యాజ్యం ఇది. ఇంట్లో వాళ్లు ఒక రకంగా చెబుతున్నారు, వీధిలో వాళ్లు ఇంకో రకంగా చెబుతున్నారు. ఇంత మంది మాటలు విని విని రేపు నా మాట నేనే మార్చేస్తానేమోనని భయం. అందుకని రాయించుకుంటున్నాను. చదివించుకుని నేనే వింటాను. మిగతా వాళ్లకు దీనితో పని లేదు.

నా కూతురు నర్సు. మంచం పట్టిన వాళ్ల ఇళ్లకు వెళ్లి పుళ్లు కడిగి కట్లు మారుస్తుంది. ఆ సందుల్లోకి బస్సు దూరదు. సైకిలు మీదే తిరుగుతుంది. ఆ సైకిలు మా అల్లుడిది. మనిషి పోయాడు, సైకిలు మిగిలింది. గేర్ల సైకిలు. నట్లు ఉండవు, చక్రాన్ని పట్టి ఉంచడానికి పక్కన ఒక లీవరు ఉంటుంది. గేర్లు తుప్పు పట్టి చైను ఒక పన్ను మీద నిలవక గడగడలాడుతోందని మా వాడికి ఇచ్చింది. మా వాడు అంటే నా కొడుకు, దానికి తమ్ముడు. మా ముందు గదే వాడి సైకిలు షాపు. వాళ్ల నాన్న పెట్టింది.

ఆ పాత గేర్లకు సామాన్లు ఎక్కడా దొరకడం లేదు. వాడు గేర్లన్నీ పీకేసి, వెనక ఒకే పళ్లచక్రం వేసి, చైను కత్తిరించి సింగిల్ స్పీడు చేసి ఇచ్చాడు. నాలుగు రోజులు బాగానే తిరిగింది. మొన్న బ్రిడ్జి ఎక్కుతూ లేచి నిలబడి తొక్కింది. వెనక చక్రం, ఫ్రేములో ఇరుసు కూర్చునే గాడిలో జరిగి, ఫ్రేముకు కరుచుకుంది. చైను ఊడింది. పిల్ల పడింది. కుడి మణికట్టు విరిగింది.

ఆసుపత్రిలో పిండికట్టు వేస్తుంటే, నేనూ వాడూ పక్కనే నిలబడి ఉంటే, నా కూతురు ఏమందో అలాగే రాయి.

"వాడు తాగి బిగించాడమ్మా."

వాడు మాట్లాడలేదు.

ఇదీ కేసు. ఇక నా మాట. వాడు ఒకప్పుడు తాగేవాడు. ఒకప్పుడేమిటి, ఒళ్లు తెలియకుండా తాగేవాడు. పోయిన ఏడు మానేశాడు. మానేసిన రోజు కూతురి ఎదుటే చెప్పాను, "ఇంకొక్క చుక్క నోట్లో పోశావంటే ఈ గడప తొక్కొద్దు" అని. నేను అన్న మాట వెనక్కి తీసుకునే రకాన్ని కాదు. అది వీధి వీధికీ తెలుసు, నా కొడుక్కి ఇంకా బాగా తెలుసు.

కాబట్టి వాడు తాగలేదు.

సైకిలు బాగుచేసిన రోజు పొద్దున్నంతా ఆ గదిలోనే కూర్చుని పని చేశాడు. మధ్యాహ్నం చైను పిన్ను కొనుక్కొస్తానని బయటికి వెళ్లి, ఎండ వాలాక వచ్చాడు. రాగానే పెరట్లోకి వెళ్లి ముఖం కడుక్కున్నాడు. ఎండన పడి వచ్చినవాడు ముఖం కడుక్కోడా? వాడి నోరు వాసన చూశాను. ఏ వాసనా లేదు. రాశావా? మళ్లీ చదువు.

ఆ, అంతే. అలా ఉండాలి.

మంగళవారం

వాడు షాపు షట్టరు ఎత్తడం లేదు. ఇద్దరు ముగ్గురు వచ్చి తలుపు కొట్టి వెళ్లిపోయారు. పండ్ల బండివాడు తన పంచరు సైకిలు మా గోడకు ఆనించి వదిలేసి పోయాడు. "అబ్బాయి లేచాక చెప్పు బామ్మా" అన్నాడు. లేచాక అట! పట్టపగలు పడుకుని ఉన్నాడని వీడికెవరు చెప్పారు? ఊరు అప్పుడే తీర్పు రాసేసింది.

లోపలికి వెళ్లి వాణ్ణి నిలదీశాను. నులక మంచం మీద గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

"ఏరా, బిగించావా లేదా?"

"బిగించానమ్మా."

"గట్టిగానా?"

"అరచేతిలో లీవరు అచ్చు పడేదాకా బిగించాను."

"మరి ఆ ముక్క ఆసుపత్రిలో మీ అక్కతో చెప్పడానికి నోరు పెగలలేదే?"

"చెబితే నమ్మేదా?"

"నమ్మకపోతే పోనీ! చెప్పడం నీ వంతు. మూగవాడిలా నిలబడితే ఎవడైనా దొంగే అనుకుంటాడు."

వాడు గోడ వైపే చూస్తూ, "బిగించాననే అనుకుంటున్నానమ్మా" అన్నాడు.

అనుకుంటున్నానట. ఆ మాట నాకు నచ్చలేదు. పానా పట్టినప్పటి నుంచి వాడు అలా మాట్లాడింది లేదు.

టైలరమ్మ ఇక్కడ కలం ఆపింది. "తాగావా అని అడిగావా పెద్దమ్మా?" అంది.

"అడగక్కర్లేదు."

"అదేంటి, కేసంతా దాని మీదేగా?"

"నువ్వు జాకెట్లు కుట్టుకునేదానివా, లాయరువా? రాయమన్నది రాయి."

వాసన చూశానని చెప్పాను కదా. మళ్లీ అడగడం ఎందుకు? కన్నకొడుకుని రెండుసార్లు అనుమానిస్తే వాడికి నేను తల్లినా, పోలీసునా?

బుధవారం

ఈరోజు రాయించడానికి ఏమీ లేదు. వాడు తాగలేదు.

గురువారం

కూతురి ఇంటికి వెళ్లాను. రెండు వీధుల అవతల, మేడ కింది వాటా. సైకిలు మెట్ల కింద పడేసి ఉంది. పెడలు వంగింది, చక్రం పుల్లల్లో గడ్డిపోచ ఇరుక్కుని ఉంది. పిల్ల ఎడం చేత్తో గిన్నెలు తోముకుంటోంది. ఒక చేత్తో తోముతుంటే గిన్నె నిలవదు, తొట్టంతా తిరుగుతుంది. తీసుకోబోయాను. ఇవ్వలేదు.

"దేనికొచ్చావమ్మా?"

"సైకిలు తీసుకెళ్దామని."

"ఎందుకు? వాడితో మళ్లీ బిగించి ఇప్పిస్తావా?"

"చూస్తే తెలుస్తుంది కదే, లీవరు వదులుగా ఉందో గట్టిగా ఉందో!"

"పడ్డాక ఎవరో దారిన పోయేవాళ్లు ఇంటికి తెచ్చారు, లీవరు వాళ్లే బిగించారేమో. ఇప్పుడు గట్టిగా ఉంటే ఏంటి, లేకపోతే ఏంటి? నువ్వెప్పుడూ వాడి వైపేగా."

"నేను న్యాయం వైపు."

నవ్వింది. ఆ నవ్వు మా ఆయనది. నా మాట తేలిపోయినప్పుడల్లా ఆయన అలాగే నవ్వేవాడు.

"అమ్మా, నాకు చెయ్యి విరిగినందుకు కాదు కోపం. ఇక్కడ ఇద్దరు ముసలివాళ్లున్నారు, వీపు మీద పుళ్లు. రోజు మార్చి రోజు నేను వెళ్లి తిప్పి పడుకోబెట్టకపోతే ఆ పుళ్లు ఎముక దాకా పోతాయి. వాళ్ల కోడళ్లు ఫోన్లు చేస్తున్నారు. నేనేం చెప్పను? మా తమ్ముడు మళ్లీ మొదలెట్టాడు, అందుకని రాలేను అని చెప్పనా?"

"వాడు మొదలెట్టలేదు."

"నీకెలా తెలుసు?"

"తెలుసు."

గిన్నె బోర్లించి, "తీసుకెళ్లు" అంది.

వెనక చక్రం తిరగదు. ఫ్రేము ఎడం పక్క ఇనుపకాడకు టైరు ఒరుసుకుని బిగుసుకుపోయింది. వెనక భాగం ఎత్తి పట్టుకుని, ముందు చక్రం మీద దొర్లించుకుంటూ తెచ్చాను. దారిలో ఎవరో "ఇవ్వు బామ్మా, నేను పట్టుకుంటా" అన్నాడు. "నా సాక్ష్యం నేనే మోసుకుంటా, నువ్వు పో" అన్నాను. బిత్తరపోయి చూశాడు.

ఇంటికొచ్చాక ముందు గదిలో ఒక్కదాన్నే కూర్చుని చూశాను. చక్రం ఎడం పక్క గాడిలో ఉన్నచోటే ఉంది. కుడి పక్క, అంటే చైను ఉన్న పక్క, ముందుకు పాకింది. లీవరు తెరుద్దామని చూశాను. నా వల్ల కాలేదు. నలభై ఏళ్లు లాండ్రీలో తడి దుప్పట్లు పిండిన చేతులివి. వీటికే లొంగలేదంటే ఎంత గట్టిగా ఉండాలి! దారిన పోయేవాడెవడూ అంత బిగువు బిగించడు. బిగించింది నా కొడుకే.

శుక్రవారం

పొద్దున్నే సైకిలు తీసుకెళ్లి వాడి మంచానికి అడ్డంగా పెట్టాను.

"లే. ఇది వదులో గట్టో నువ్వే చెప్పు."

చాలాసేపు చూశాడు. తర్వాత లీవరు మీద చెయ్యి వేశాడు. రెండు చేతులూ వేస్తే గాని తెరుచుకోలేదు. వాడి ముఖం మారింది.

"ఇది నా బిగింపేనమ్మా."

"నేను చెప్పలా!"

"ఇంత బిగువు మీద చక్రం ఎలా కదిలింది?"

మంచం దిగాడు. చక్రాన్ని నిటారుగా కూర్చోబెట్టాడు, చైను సరిచేశాడు, లీవరు మూశాడు. ముందు చక్రాన్ని గోడకు ఆనించి నన్ను హ్యాండిలు పట్టుకోమన్నాడు. కుడి పెడలు మీద ఎక్కి నిలబడ్డాడు.

టక్.

చిన్న చప్పుడే. పన్ను విరిగినట్టు. చూస్తే చక్రం మళ్లీ వంకరపోయింది. కుడి పక్కే.

వాడు విప్పి, గాడి మీద ఉన్న రంగంతా గీకాడు. జిడ్డు తుడిచాడు. గరుకు వాషరు ఒకటి వెతికి వేశాడు. మళ్లీ బిగించాడు. లీవరు అచ్చు అరచేతిలో ఎర్రగా తేలింది, నేను చూశాను. మళ్లీ ఎక్కాడు. టక్.

మూడోసారి వాడు ఎక్కలేదు. నేల మీద కూర్చున్నాడు.

"నా చేతిలోంచి ఏదో పోయిందమ్మా."

"ఏదీ పోలేదు! ఒరే పిచ్చోడా, నీకు అర్థం కావట్లేదా? నా కళ్ల ముందు, మంచినీళ్లు తప్ప ఏదీ ముట్టకుండా బిగించావు. అయినా జారింది. అంటే ఆ రోజూ అలాగే జారింది. తాగుడుకీ దీనికీ సంబంధం లేదు. గెలిచాంరా!"

వాడు నా ముఖం చూశాడు. గెలిచిన వాడి ముఖం కాదది. ఏదో అనబోయాడు. నేను అననివ్వలేదు. షట్టరు ఎత్తించాను. పండ్ల బండివాడి పంచరు వేయించాను. నాకు గట్టిగా ఆకలి వేసింది.

శనివారం

కూతురికి కబురు పెట్టాను. రేపు వస్తానంది.

టైలరమ్మ జాకెట్టు చేతులు కుడుతూ కుడుతూ అడిగింది, "జారుతోందని తేలింది సరే, ఎందుకు జారుతోందో తేలలేదుగా?" అని. తేలకపోతే ఏం? నా కేసుకు ఇంతవరకు చాలు.

ఆదివారం

ఇది పెద్దది. చేతులు నొప్పి పుడితే ఆపి రాయి, కానీ ఏదీ వదలకు.

కూతురు వచ్చింది. గుమ్మంలో నిలబడింది. తమ్ముడు స్టూలు జరిపాడు. కూర్చోలేదు.

"చూపించు" అంది.

వాడు చూపించాడు. గోడకు ఆనించి, లీవరు బిగించి, పెడలు ఎక్కాడు. టక్. ఇంకోసారి. టక్. అది చూస్తూ నిలబడింది. కట్టు కట్టిన చెయ్యి గుండెల దగ్గర పట్టుకుని ఉంది. ఆ చప్పుడు వచ్చినప్పుడల్లా భుజం అదిరింది. బ్రిడ్జి మీద విన్నది ఆ చప్పుడే కదా.

"విప్పు" అంది.

"విప్పితే ఏముందక్కా, అన్నీ చూశాను."

"విప్పరా."

వాడు లీవరు విప్పి దాని పొడుగాటి పుల్లను ఇరుసు గొట్టంలోంచి లాగేశాడు. చక్రం ఫ్రేములోనే ఉంది. నా కూతురు మోకాళ్ల మీద కూర్చుని ఎడంచేతి చూపుడువేలితో ముందు ఎడం పక్క తడిమింది. తర్వాత కుడి పక్క తడిమింది. మళ్లీ ఎడం. మళ్లీ కుడి. పుండు అంచు తడిమి చూసే చెయ్యి అది, కంగారు పడదు.

"తమ్ముడూ." అంతకుముందు వారం రోజులుగా ఆ పిలుపు లేదు. "ఎడం పక్క వేలు లోపలికి దిగుతోంది. ఇరుసు చివర గాడి లోపలే ఆగింది. కుడి పక్క గోరు మందాన బయటికి పొడుచుకొచ్చింది. వేలికి గుచ్చుకుంటోంది. అలా ఉండాలా?"

"ఉండాలక్కా. ఇరుసు తల బయటికి కనపడాలి. నాన్న అదే కదా…"

అని ఆగిపోయాడు.

తర్వాత నెత్తి మీద చెయ్యి పెట్టుకున్నాడు.

"అది నట్టు చక్రానికి" అన్నాడు. "నట్టు ఎక్కాలంటే ఇరుసు బయటికి రావాలి. దీనికి నట్టే లేదు."

నాకు అర్థం కాలేదు. అర్థమయ్యేలా చెప్పమన్నాను. వాడు పుల్లను మళ్లీ దూర్చి చూపించాడు. లీవరు మూస్తే దాని రెండు మూతులూ ఫ్రేమును రెండు పక్కలా నొక్కి పట్టాలి. ఆ నొక్కుడు మీదే చక్రం నిలబడుతుంది. గేర్లు తీసినప్పుడు చైను వంకర లేకుండా పోవాలని వీడు కుడి పక్క వాషరు ఒకటి తీసి ఎడం పక్క వేశాడు. దాంతో ఇరుసు కుడి పక్క బయటికి వచ్చింది. రావడం చూశాడు కూడా. చూసి, ఇరుసు తల కనపడుతోంది, బాగుంది అనుకున్నాడు. చిన్నప్పటి నుంచి వాడు బాగుచేసినవన్నీ నట్టు సైకిళ్లే. వాళ్ల నాన్న చెప్పిన మొదటి పాఠమే అది. ఇక లీవరు మూసినప్పుడు కుడి పక్క మూతి ఫ్రేమును తాకనే లేదు. ఇరుసు తల మీద ఆగింది.

"అంటే ఎంత బిగించినా…" అంది కూతురు.

"బిగువంతా ఇరుసు తలకే పోయిందక్కా. బిగువుంది, పట్టు లేదు."

మా ఆయన ఉంటే తిట్టేవాడు. కొడుకుని కాదు, తనని తాను. ఆ మనిషి పాఠం సరిగ్గానే చెప్పాడు, చక్రమే వేరేది.

వాడు ఇరుసును ఊడదీసి బల్లకున్న బిగింపు చట్రంలో పెట్టి, కుడి తలను ఆకురాయితో అరగదీశాడు. అరగదీసి పెట్టి చూశాడు, మళ్లీ తీసి అరగదీశాడు. నా కూతురు ప్రతిసారీ వేలు పెట్టి చూసి, "ఇంకా తగుల్తోంది" అంది. "ఇంకా." "ఇంకొంచెం." చివరికి, "ఆ. దిగింది" అంది. వేలు దిగింది. రెండు పక్కలా ఒకేలా.

లీవరు మూశాడు. ఈసారి రెండు చేతులు అక్కర్లేకపోయింది. ముందు చక్రాన్ని గోడకు ఆనించాడు. నేను హ్యాండిలు పట్టుకున్నాను. పెడలు మీద నిలబడ్డాడు. ఏ చప్పుడూ లేదు. ఎగిరి తొక్కాడు. హ్యాండిలు నా చేతుల్లోంచి లేచింది, చక్రం మాత్రం కదల్లేదు.

నా కూతురు అప్పుడు స్టూలు మీద కూర్చుంది.

"నిన్ను అనకూడని మాట అన్నానురా. ఆసుపత్రిలో, అంతమందిలో. తాగి చేశావన్నాను. ఇది తాగితే వచ్చే తప్పు కాదు. నువ్వు ఎంత ఒళ్లు దగ్గర పెట్టుకుని చేసినా ఇదే చేసుండేవాడివి."

నేను దేవుడికి దండం పెట్టుకోబోయాను. చెయ్యి లేచింది కూడా.

వాడు ఆకురాయి బల్ల మీద పెట్టాడు.

"అక్కా, ఆ రోజు తాగాను."

"నోర్ముయ్!" అన్నాను.

"అమ్మా…"

"నోర్ముయ్యమన్నానా! అన్నీ తేలిపోయాక, గెలిచాక, ఇప్పుడెందుకురా నోరు తెరుస్తావు? నిన్ను ఎవరడిగారు?"

"ఎవరూ అడగలేదమ్మా" అన్నాడు. "అదే కదా. నువ్వు కూడా అడగలేదు."

కూతురు నన్ను చూడలేదు. వాణ్ణే చూసింది. "ఎప్పుడు?" అంది.

"గేర్లన్నీ విప్పి బల్ల మీద పరిచాను. బావ ప్రతి ఆదివారం వాటిని బ్రష్షుతో కడిగేవాడు, గుర్తుందా? నన్ను ముట్టుకోనిచ్చేవాడు కాదు. ఇక ఇవి తిరిగి పెట్టేది లేదు అనుకోగానే చెయ్యి ఆడలేదు. చైను పిన్ను కొంటానని వెళ్లాను. పిన్ను కొనుక్కునే వచ్చాను. మధ్యలో ఆగాను."

"మరి ఇన్నాళ్లూ చెప్పలేదేం?"

"నేను కూడా అదే అనుకున్నానక్కా. తాగి ఉన్నాను కాబట్టి సరిగ్గా బిగించలేదేమో, బిగించానని ఊహించుకున్నానేమో అని. నీ చెయ్యి నేనే విరగ్గొట్టాననుకున్నాను. ఇప్పుడు రెండూ వేరని తెలిసింది. చక్రం సంగతి చక్రానిది. తాగిన సంగతి నాది. అది కూడా దీని కింద దాక్కుంటే మళ్లీ తాగుతాను."

ఇది కూడా అలాగే రాయి.

తర్వాత ఇద్దరూ నా వైపు చూశారు. ఎందుకు చూశారో నాకు తెలుసు. గది చిన్నది, ముఖం తిప్పుకోవడానికి చోటు లేదు.

"బట్టలు సర్దుకో" అన్నాను.

"అమ్మా!" అంది కూతురు. వారం రోజులు వాడి మీద నిప్పులు చెరిగింది అదే, ఇప్పుడు ఏడుపు గొంతుతో అడ్డొచ్చింది అదే. "వాడు నిజం చెప్పాడమ్మా!"

"నిజం చెప్పినందుకు కాదు పొమ్మంది. తాగినందుకు. నిజం చెప్పాడని తాగింది తాగనిదైపోతుందా? నేనన్న మాట నేను నిలబెట్టుకోకపోతే వాడికి పట్టుకోవడానికి ఇంకేం మిగులుతుంది?"

ఇలాగే అన్నాను. గొంతు వణకలేదు. తర్వాత వణికింది, అది రాయకు.

వాడు రెండు చొక్కాలు సంచిలో పెట్టుకున్నాడు. కూతురు లేచి, ఎడంచేత్తో సైకిలు హ్యాండిలు పట్టుకుంది.

"నువ్వు తొక్కొద్దంది ఈ గడప" అంది నాతో. "మా గడప ఊసు నువ్వెత్తలేదు. పదరా."

వాడు సంచి హ్యాండిలుకు తగిలించాడు. ఇద్దరూ సైకిలును మధ్యలో పెట్టుకుని నడిపించుకుంటూ వెళ్లిపోయారు. వీధి మలుపు దాకా చూశాను. చక్రం నిటారుగా తిరుగుతోంది.

సోమవారం

టైలరమ్మ మొదటి రోజుది చదివి వినిపించింది. వాసన చూశానని ఉన్నచోట ఆగింది. దారం కొరుక్కుంటూ కూర్చుంది.

"ఏంటి?" అన్నాను.

"ఏం లేదు పెద్దమ్మా."

రాయి. వాసన చూడలేదు. వాడు ముఖం కడుక్కుని వచ్చి నా ఎదురుగా ముఖం తిప్పుకున్నాడు. నేనూ తిప్పుకున్నాను.

బుధవారం

వాడు పనికి వచ్చాడు. షాపు గడప లోపల కదా, బయటే నిలబడ్డాడు. "అమ్మా, షట్టరు ఎత్తు" అన్నాడు. ఎత్తాను. "పెద్ద పానా ఇవ్వు" అన్నాడు. తెచ్చి గుమ్మం మీద పెట్టాను. గాలి పంపు అడిగాడు. పెట్టాను. జిగురు, గరుకు కాగితం, నీళ్ల పళ్లెం. రోజంతా లోపలికీ బయటికీ తిరుగుతూనే ఉన్నాను. వాడు అరుగు కింద గొంతుకూర్చుని పని చేశాడు. ఎండ ముఖాన కొట్టింది. నీడలోకి రమ్మనలేదు. వాడూ అడగలేదు.

పండ్ల బండివాడు చూసి, "ఇదేంటి బామ్మా, షాపు బయటికొచ్చేసింది?" అన్నాడు.

"గాలి కోసం" అన్నాను.

సాయంత్రం వాడు పానాలన్నీ తుడిచి గుమ్మం మీద వరసగా పేర్చి వెళ్లాడు. పేర్చడం వాళ్ల నాన్నలాగే పేరుస్తాడు.

గురువారం

ఇద్దరికీ అన్నం వండాను. అలవాటు.

శుక్రవారం

వాడు పని ముగించుకుని వెళ్లాక తాళం వేసి బయలుదేరాను. ఎక్కడికని టైలరమ్మ అడిగింది. గుడ్డలు కొలుచుకోమన్నాను. ఇది వెళ్లొచ్చాక రాయిస్తున్నది.

కూతురి ఇంటి తలుపు మూసి ఉంది. లోపల మాటలు వినిపించాయి. రేపు పొద్దున ఏ ముసలాయన దగ్గరికి ముందు వెళ్లాలో చెబుతోంది అది. వెనక కూర్చోబెట్టుకుని తొక్కేది వాడట. "బ్రిడ్జి దగ్గర దిగి నడుస్తాలే" అంటోంది. "దిగక్కర్లేదు, నేను తొక్కుతా కదా" అంటున్నాడు వాడు. "నేను దిగుతా" అంది అది.

దిగనీ. భయం పోవడానికి దాని టైము దానికి పడుతుంది. నాకూ అంతే. రేపు తాగడని నేను ఎవరికీ చెప్పను. నాకు తెలియదు. ఇదొక్కటే ఈ కేసులో నేను మొదటి నుంచీ చెప్పాల్సిన మాట.

తలుపు కొట్టాను. కూతురు తీసింది. నన్ను చూసి, తలుపు సగమే తెరిచి పట్టుకుంది.

"ఎవరి తరఫున వచ్చావమ్మా?"

"ఎవరి తరఫునా కాదు. కాళ్లు లాగుతున్నాయి. ముందు కూర్చోనీ."

తలుపు పూర్తిగా తీసింది. వాడు లోపలి నుంచి పీట తెచ్చి వేశాడు. వాడి ముఖం చూశాను. కూర్చున్నాను.